చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టిన కథలు

అందవికారంగా ఉందని అందరూ తరిమేసిన బాతుపిల్ల చివరికి హంసగా తేలిన కథ మనలో చాలామందిమి చిన్న తరగతుల్లోనే విన్నాం. ఒంటిమీద నూలుపోగు లేకుండా ఊరేగిన రాజుగారి కథా విన్నాం. చలిలో అగ్గిపుల్లలు అమ్ముకుంటూ ప్రాణం విడిచిన చిన్నపిల్ల కథ చదివి కళ్లు తుడుచుకున్న వాళ్లమూ ఉన్నాం. ఇవన్నీ రాసింది ఒక్కరేనని, ఆయన చెప్పులు కుట్టే తండ్రికి, బట్టలుతికే తల్లికి పుట్టిన కొడుకని మాత్రం ఎక్కువమందికి తెలియదు. ఆయన పేరు హాన్స్ క్రిస్టియన్ అండర్సన్. ఊరు డెన్మార్క్ దేశంలోని ఓడెన్స్. పుట్టింది 1805 ఏప్రిల్ 2న.

మన వార్షికోత్సవ సంచికలో అంబేడ్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి వ్యాసాలు వస్తుంటాయి. రావాలి కూడా. వాళ్ల పక్కన ఈ పరాయి దేశపు కథల రచయితను ఎందుకు తెచ్చామని తమ్ముళ్లు, చెల్లెళ్లు అడగవచ్చు. కారణం ఒక్కటే. అండర్సన్ ప్రభుత్వ సొమ్ముతో చదువుకున్న విద్యార్థి. ఇంట్లో ఎవరూ తొక్కని బడి గడప తొక్కినవాడు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి వాళ్లం మేమే కాబట్టి, ఆయన జీవితం చదువుతున్నప్పుడు చాలాచోట్ల పుస్తకం మూసి కాసేపు కూర్చోవలసి వచ్చింది. ఆ చోట్ల గురించే ఎక్కువగా రాస్తున్నాం.

ఓడెన్స్‌లో వాళ్లుండేది ఒకే ఒక్క గది. వంట, పడక, తండ్రి చెప్పులు కుట్టే పీట, తోలు ముక్కలు, సుత్తి, ఆరె అన్నీ అందులోనే. ఎవరో జమీందారు శవపేటికను మోసిన చెక్క చట్రాన్ని కొనుక్కొచ్చి తండ్రి దాన్ని మంచంగా మార్చాడని, దాని అంచులకు నల్లగుడ్డ పీలికలు ఇంకా వేలాడుతుండేవని అండర్సన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఇంటి కప్పు మీదికి నిచ్చెన వేసుకుని ఎక్కితే, పక్కింటికీ తమ ఇంటికీ మధ్య నీళ్లు పోయే కాలువలో మట్టి పోసిన పెట్టె ఒకటి ఉండేది. అమ్మకున్న తోట అదే. అందులోనే నాలుగు కూరమొక్కలు పెంచుకునేది. తర్వాత అండర్సన్ 'మంచు రాణి' అనే పెద్ద కథ రాసినప్పుడు అందులోని ఇద్దరు పిల్లలు కలిసి ఆడుకునే తోట ఇదే. అంతఃపురాల ఉద్యానవనాలు చూసిన తర్వాత కూడా ఆయన కథకు కావలసి వచ్చింది కప్పు మీది ఆ మట్టిపెట్టె.

తండ్రి పేరు కూడా హాన్సే. ఆయనకు చదువంటే ప్రాణం. చదువుకోవడానికి మాత్రం కుదరలేదు. రాత్రిపూట పని ముగించుకుని కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని అరేబియన్ నైట్స్ కథలు, లా ఫోంటేన్ నీతికథలు, హోల్బర్గ్ నాటకాలు చదివి వినిపించేవాడు. చెక్కతో చిన్న బొమ్మల నాటకశాల చేసి ఇచ్చాడు. పిల్లవాడు గుడ్డపీలికలతో బొమ్మలకు బట్టలు కుట్టి, తనే మాటలు కల్పించి ఆడించేవాడు. ఒకసారి పెద్దబడిలో చదివే కుర్రవాడొకడు బూట్లకు కొలతలివ్వడానికి వచ్చి, తన పుస్తకాలు చూపించి, చదువుతున్న పాఠాల గురించి చెప్పాడట. అతను వెళ్లాక తండ్రి కళ్లలో నీళ్లు తిరగడం అండర్సన్ చూశాడు. తను వెళ్లవలసిన దారి అదేనని తండ్రి కొడుకుతో చెప్పుకున్నాడు. మేము మొదట పుస్తకం మూసింది ఇక్కడే.

చెప్పులు కుట్టే పనికి మన దగ్గర కులం పేరు అంటుకుని ఉంటుంది. డెన్మార్క్‌లో కులం లేదు. ఆ తేడా చిన్నది కాదు, దాన్ని దాచి ఆయన కథను మన కథలా చెప్పడం మాకిష్టం లేదు. కానీ పేదవాడి పిల్లవాడు పెద్ద చదువు కోరుకుంటే నవ్వే లోకం అక్కడా ఉంది.

తల్లి ఆన్ మరీ. ఆమెకు అక్షరం ముక్క రాదు. చిన్నతనంలో ఇంట్లోవాళ్లు ఆమెను అడుక్కురమ్మని పంపిస్తే, చెయ్యి చాచలేక ఓడెన్స్ నది వంతెన కింద కూర్చుని రోజంతా ఏడ్చిందట. ఈ సంగతి ఆమె కొడుక్కి చెప్పింది. 1845 డిసెంబరులో అచ్చయిన అగ్గిపుల్లల పిల్ల కథకు పైపై కారణం ఒక ప్రచురణకర్త పంపిన బొమ్మ. అగ్గిపుల్లలు అమ్మే పిల్ల బొమ్మ పంపి, దానికి కథ రాయమన్నాడు. లోపలి కారణం మాత్రం వంతెన కింద ఏడ్చిన ఆ పిల్లే. బొమ్మ వచ్చేనాటికే కథ ఆయన దగ్గర ఇరవై ముప్ఫై ఏళ్లుగా ఉంది.

నాయనమ్మ పిచ్చాసుపత్రి తోటలో పనిచేసేది. మనవణ్ణి వెంట తీసుకెళ్లేది. అక్కడ వడుకు గదిలో ముసలమ్మలు రాట్నాలు తిప్పుతూ దయ్యాల కథలు, రాజుల కథలు చెప్పేవాళ్లు. పిల్లవాడు వాళ్లకు తనకు తోచిన కబుర్లు చెబితే మురిసిపోయి ఇంకో కథ చెప్పేవాళ్లు. ఆయన మొదటి పుస్తకంలోని కథలకు ముడిసరుకు ఇక్కడే దొరికింది. మన ఊళ్లలో మిరపకాయలు తొడిమలు తీస్తూ, బీడీలు చుడుతూ, కల్లంలో కాపలా పడుకుని పెద్దవాళ్లు చెప్పే కథల్లాంటివే అవి.

1812 ప్రాంతంలో యుద్ధం ఉంది. డబ్బు కోసం తండ్రి వేరొకరి బదులు సైన్యంలో చేరాడు. 1813లో డెన్మార్క్ ప్రభుత్వం దివాలా తీసి నోట్లకు విలువ పడిపోయింది. యుద్ధం చూడకుండానే జబ్బుపడి తిరిగొచ్చిన తండ్రి 1816లో చనిపోయాడు. అంతకుముందు చలికాలంలో కిటికీ అద్దం మీద మంచు పేరుకుని చేతులు చాచిన ఆడమనిషిలా కనిపిస్తే తండ్రి సరదాగా చూపించాడట. ఆయన పోయాక తల్లి, ఆ మంచు కన్యే తీసుకుపోయిందని అంది. పదకొండేళ్ల పిల్లవాడికి ఆ మాట గుండెల్లో ఉండిపోయింది. మంచు రాణి ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

తల్లి కొడుకును బట్టల మిల్లులో పనికి పెట్టింది. సన్నటి గొంతుతో పాటలు పాడే ఆ పిల్లవాణ్ణి పనివాళ్లు ఆడపిల్లవా మగపిల్లవాడివా అని బట్టలు లాగి ఏడిపించారు. ఏడుస్తూ ఇంటికి వచ్చేశాడు. దర్జీ పని నేర్చుకోమంది తల్లి. తను రాజధానికి వెళ్లి నాటకాల్లో చేరతానన్నాడు కొడుకు. ఆమె భయపడి జోస్యం చెప్పే ముసలామెను పిలిపించింది. ఈ పిల్లవాడు పెద్దవాడవుతాడని, ఇతని కోసం ఓడెన్స్ నగరమంతా దీపాలు పెడతారని ఆమె చెప్పిందట. జోస్యాల మీద మాకు నమ్మకం లేదు. తల్లి ఒప్పుకోవడానికి అది పనికొచ్చింది, అంతే.

1819 సెప్టెంబరు 6న, పద్నాలుగేళ్ల వయసులో, కూడబెట్టిన 13 రిగ్స్‌డాలర్లతో హాన్స్ కోపెన్‌హేగన్‌లో అడుగుపెట్టాడు. అక్కడ తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. పేరున్న నర్తకి ఇంటికి వెళ్లి, బూట్లు విప్పి పక్కన పెట్టి, టోపీని డప్పులా వాయిస్తూ గంతులేసి చూపించాడు. ఆమె పిచ్చివాడనుకుని పంపించేసింది. సిబోనీ అనే ఇటలీ గాయకుడు జాలిపడి పాట నేర్పాడు. కొన్నాళ్లకే గొంతు మారిపోయి ఆ ఆశ పోయింది. నృత్యశాలలో చేరితే ఒక నాటకంలో గుంపులో రాక్షసుడి వేషం దొరికింది. కిటికీ కూడా లేని గదిలో అద్దెకుంటూ, చాలీచాలని తిండితో మూడేళ్లు గడిపాడు. ఈ మూడేళ్లలో ఆయన ఆపనిది రాయడం ఒక్కటే. వ్యాకరణం రాదు, అక్షరదోషాలు బోలెడు. అయినా నాటకాలు రాసి రాయల్ థియేటర్‌కు పంపేవాడు. ప్రాథమిక చదువు కూడా లేనివాడి రాతలని వాళ్లు తిప్పి పంపేవాళ్లు. 1822లో నృత్యశాల నుంచి కూడా పంపించేశారు.

అయితే తిప్పి పంపినవాళ్లలోనే ఒకాయన ఆ రాతల్లో ఏదో ఉందని గమనించాడు. ఆయన యోనాస్ కోలిన్, థియేటర్ నిర్వాహకుల్లో ఒకడు, పెద్ద ప్రభుత్వాధికారి. ప్రజాప్రయోజనాల కోసం ఉన్న రాజనిధి నుంచి హాన్స్ చదువుకు ఉపకారవేతనం మంజూరు చేయించి స్లాగెల్సె అనే ఊళ్లోని పెద్దబడికి పంపించాడు. మన మాటల్లో చెప్పాలంటే స్కాలర్‌షిప్పు వచ్చింది.

ఇక్కడి నుంచి అయిదేళ్ల కథ హాస్టల్ పిల్లలందరూ చదవదగ్గది. హాన్స్‌కు అప్పటికి పదిహేడేళ్లు. పొడుగ్గా, ఎముకలు తేలి ఉండేవాడు. పదకొండు పన్నెండేళ్ల పిల్లల మధ్య బెంచీ మీద కూర్చోబెట్టారు. లాటిన్, గ్రీకు, లెక్కలు ఏవీ రావు. ప్రధానోపాధ్యాయుడు సైమన్ మైస్లింగ్ గొప్ప పండితుడే, కానీ మాటతో మనిషిని కోసేవాడు. తప్పు చెప్పినప్పుడల్లా తరగతిలో అందరి ముందూ మొద్దు అని, పనికిరానివాడని తిట్టేవాడు. హాన్స్ భయమంతా ఒకటే. పరీక్ష తప్పితే స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది. నమ్మి పంపినవాళ్ల ముందు తల ఎత్తుకోలేడు. కోలిన్‌కు ఉత్తరాలు రాస్తూ తనకు అర్హత లేదేమోనని పదేపదే బాధపడేవాడు. కోలిన్ ధైర్యం చెబుతూ జవాబు రాసేవాడు.

స్కాలర్‌షిప్పు మీద చదవనివాళ్లకు ఈ భయం సరిగా అర్థం కాదని మా అనుమానం. సొంత డబ్బుతో చదివేవాడు ఫెయిలైతే ఫెయిలైనట్టే. మనం ఫెయిలైతే మన వాళ్లందరికీ మాట పడుతుంది. పట్నంలో ఒక కాలేజీలో చేరిన మొదటి నెలలో మా తెలుగు విని నవ్వినవాళ్లు, మా మార్కులు విని నవ్వడం మానేశారు గానీ, ఆ నెలంతా మేము తరగతిలో నోరు తెరవలేదు.

1826లో మైస్లింగ్‌కు హెల్సింగర్ ఊరికి బదిలీ అయింది. హాన్స్ కూడా వెంట వెళ్లి ఆయన ఇంట్లోనే ఉండి చదువుకోవలసి వచ్చింది. బడి అయిపోగానే గేటుకు తాళం పడేది. అంతకన్నా పెద్ద శిక్ష ఇంకొకటుంది. కవిత్వం రాయకూడదని కట్టడి. చదువు పూర్తయ్యేదాకా సొంత రాతల జోలికి పోకూడదని కోలిన్ కూడా ఒప్పించాడు. హాన్స్ చాలాకాలం ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. కానీ ఆ ఏడాది ఆగలేక ఒక చిన్న కవిత రాశాడు. చనిపోతున్న బిడ్డ తల్లితో మాట్లాడే కవిత అది. అప్పటిదాకా బిడ్డ చావు గురించి తల్లిదండ్రుల వైపు నుంచి రాసినవాళ్లే గానీ, బిడ్డ నోటితో చెప్పించినవాళ్లు అరుదు. మైస్లింగ్ దాన్ని చదివి చెత్త అని తీసిపారేశాడు. మరుసటి ఏడాది అది పత్రికలో అచ్చయి, తర్వాత ఎన్నో భాషల్లోకి వెళ్లింది.

ఆ బడిలోనే పనిచేసే ఒక ఉపాధ్యాయుడు ఈ బాధ చూడలేక కోలిన్‌కు విషయం చెప్పాడు. 1827లో కోలిన్ హాన్స్‌ను అక్కడి నుంచి తప్పించి, కోపెన్‌హేగన్‌లో ట్యూషన్ పెట్టించాడు. 1828లో హాన్స్ విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష పాసయ్యాడు. మరుసటి ఏడాదే మొదటి పుస్తకం వచ్చింది, నాటకం కూడా ఆడింది. ఎన్నో ఏళ్ల తర్వాత మైస్లింగ్ వీధిలో ఎదురుపడి, తన అంచనా తప్పయిందని ఒప్పుకున్నాడని అండర్సన్ ఆత్మకథలో ఉంది. ఒప్పుకున్నా ఫలితం లేదు. పేరు ప్రఖ్యాతులు వచ్చిన తర్వాత కూడా ఆయనకు నిద్రలో మైస్లింగ్ కనిపించేవాడు. పాఠం రాక బెంచీ మీద కూర్చున్నట్టు కలలు వచ్చేవి. ఆ కలల సంగతి డైరీలో రాసుకున్నాడు.

కోలిన్ గారి ఇల్లు ఆయనకు రెండో ఇల్లయింది. ఇక్కడ ఒక సంగతి వివరంగా చెప్పాలి. మనకు 'నువ్వు', 'మీరు' ఉన్నట్టే డేనిష్ భాషలో కూడా రెండు మాటలున్నాయి. దగ్గరివాళ్లను పిలవడానికి ఒకటి, మర్యాదగా దూరంగా ఉంచడానికి ఒకటి. కోలిన్ గారి అబ్బాయి ఎడ్వర్డ్, అండర్సన్ కన్నా మూడేళ్లు చిన్నవాడు. అండర్సన్ రాతల్లో అక్షరదోషాలు దిద్దిపెట్టేది, డబ్బు లెక్కలు చూసిపెట్టేది అతనే. 1831లో జర్మనీ ప్రయాణంలో ఉన్నప్పుడు అండర్సన్ అతనికి ఉత్తరం రాసి, ఇక నుంచి మనం ఒకరినొకరు నువ్వు అనుకుందామని అడిగాడు. ఎడ్వర్డ్ మర్యాదగానే జవాబిచ్చాడు. కుదరదన్నాడు.

ఆ ఇంట్లో అండర్సన్‌కు అన్నం పెట్టారు, చదివించారు, పుస్తకాలు సరిదిద్దారు, ఊరేగినప్పుడు సంతోషించారు. నువ్వు అనే మాట మాత్రం ఇవ్వలేదు. పెద్దింటివాళ్లు సాయం చేస్తూనే గీసే గీత ఎక్కడుంటుందో తెలిసినవాళ్లకు ఇది అర్థమవుతుంది. మేము ఎడ్వర్డ్‌ను చెడ్డవాడనడం లేదు. బతికినంతకాలం అతను ఆయన పనులు చేసిపెట్టాడు. కానీ అండర్సన్ ఆ ఉత్తరాన్ని మరిచిపోలేదు. పదహారేళ్ల తర్వాత, 1847లో, 'నీడ' అనే కథ రాశాడు. ఒక పండితుడి నీడ అతన్ని వదిలి వెళ్లిపోయి, డబ్బూ హోదా సంపాదించుకుని తిరిగొస్తుంది. పండితుడు చనువుగా మాట్లాడుకుందామని అడిగితే నీడ ఒప్పుకోదు. తను మాత్రం అతన్ని నువ్వు అంటానంటుంది. చివరికి యజమాని నీడకు నీడగా మారి ప్రాణమే పోగొట్టుకుంటాడు. పిల్లల కథల రచయిత అని ఆయన్ను తేలిగ్గా తీసుకునేవాళ్లు ఈ ఒక్క కథ చదివితే చాలు.

ఇక అసలు కథల దగ్గరికి వద్దాం. 1833లో రాజు ఇచ్చిన ప్రయాణ వేతనంతో ఇటలీ వెళ్లాడు. ఆ డిసెంబరులో రోమ్‌లో ఉండగా తల్లి చనిపోయిందని ఉత్తరం వచ్చింది. ఆమె చివరి రోజులు ఓడెన్స్‌లో పేదల ఆశ్రమంలో, తాగుడుతో గడిచాయి. 1835లో ఇటలీ నేపథ్యంగా రాసిన నవల ఆయనకు మంచి పేరు తెచ్చింది. అదే ఏడు మే 8న 61 పేజీల చిన్న పుస్తకం ఒకటి వచ్చింది. పిల్లల కోసం చెప్పిన అద్భుత కథలు అని దాని పేరు. చెకుముకి డబ్బీ, చిన్న క్లాస్ పెద్ద క్లాస్, బఠాణీ మీద పడుకున్న రాజకుమారి, చిన్నారి ఇడా పూలు, ఈ నాలుగే కథలు. మొదటి మూడూ చిన్నప్పుడు విన్నవే. నాలుగోది సొంతం.

విమర్శకులు పెదవి విరిచారు. ఈ కథల్లో నీతి లేదన్నారు. రాసిన భాష పుస్తక భాష కాదు, నోటి మాట అన్నారు. ఇలాంటివి రాసి కాలం వృథా చేసుకోవద్దని సలహా కూడా ఇచ్చారు. ఆ మాట అన్నవాళ్లు తప్పు చూడలేదు, చూసిన దాని విలువ తెలుసుకోలేకపోయారు. అది నిజంగా నోటి మాటే. అండర్సన్ ముందు ఇళ్లలో పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని కథ చెప్పేవాడు. పిల్లలు బండెక్కి వెళ్లారు అని ఊరుకునేవాడు కాదు. అమ్మకు టాటా, నాన్నకు టాటా, కొరడా చెళ్లుమంది, బండి కదిలింది అన్నట్టుగా చేతులు తిప్పుతూ, గొంతు మారుస్తూ చెప్పేవాడని ఎడ్వర్డ్ కోలిన్ 1882లో అచ్చువేసిన జ్ఞాపకాల పుస్తకంలో వివరించాడు. తర్వాత కాగితం మీద కూడా అలాగే పెట్టేవాడు. బడిలో ఏ భాషకు దెబ్బలు తిన్నాడో, వడుకు గదిలో ఏ భాషకు ముసలమ్మలు మురిసిపోయారో, ఆ భాషే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గిడుగు రామమూర్తి పంతులు గారు జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని పోరాడిన సంగతి మనం చదువుకున్నాం. డేనిష్ భాషలో ఆ పనిని అండర్సన్ వాదన లేకుండా, కథలు రాసి చేశాడు.

ఆ రోజుల్లో ఈ కథల విలువ గుర్తించిన కొద్దిమందిలో ఒకరు విద్యుత్ అయస్కాంతత్వాన్ని కనుగొన్న శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్. మన భౌతికశాస్త్రం పుస్తకంలో ఉన్నాయనే. నవలతో పేరొస్తుంది, ఈ కథలతో చావులేని పేరొస్తుందని ఆయన ముందే అన్నాడు. సైన్సు మనిషికి తెలిసింది సాహిత్య విమర్శకులకు తెలియలేదు!

1837లో బుల్లి జలకన్య, చక్రవర్తి కొత్త బట్టలు వచ్చాయి. రెండోది మనం దేవతా వస్త్రాలు అని చెప్పుకునే కథ. అలాంటి కథ చాలా దేశాల్లో పాతదే. అండర్సన్ తీసుకున్నది ఒక పాత స్పానిష్ కథను. మొదట రాసినప్పుడు జనమంతా లేని బట్టలను మెచ్చుకుంటుండగానే కథ ముగిసింది. ప్రూఫులు దిద్దే సమయంలో, అచ్చుకు వెళ్లబోతుండగా, ఆయన ముగింపు మార్చాడు. రాజు ఒంటిమీద ఏమీ లేదని బయటపెట్టే చిన్న పిల్లవాణ్ణి అప్పుడు చేర్చాడు. ఆ పిల్లవాడు లేకపోతే ఇన్నేళ్ల తర్వాత ఆ కథను ఎవరు తలుచుకునేవారు? రాయడం మీద ఇష్టం అంటే ఇదీ. అయిపోయిందనుకున్న దాన్ని అచ్చు యంత్రం దగ్గర కూడా మళ్లీ చూసుకోవడం.

1838 నుంచి రాజు ఏటా 400 రిగ్స్‌డాలర్ల భృతి ఏర్పాటు చేశాడు. అద్దెకూ తిండికీ వెతుక్కోవలసిన పని తగ్గింది. కథలు ఎక్కడ దొరుకుతాయని అడిగితే, ఆయనకు ఎక్కడైనా దొరికేవి. ఒంటికాలి తగరపు సిపాయి, బంతి, బొంగరం, వీధి దీపం, చొక్కా కాలరు అన్నీ ఆయన దగ్గర మాట్లాడాయి. శిల్పి తోర్వాల్డ్‌సెన్, ఆయన కూడా చెక్క చెక్కుకునే పేదవాడి కొడుకే, ఒకరోజు రఫ్ఫు సూది మీద కథ రాయమని సరదాగా అడిగితే అదీ రాశాడు. పేదింట్లో పెరిగిన పిల్లవాడికి బొమ్మలు తక్కువ. ఉన్న వస్తువులకే ప్రాణం పోసుకోవాలి. అలవాటు అక్కడిదే అని మేమనుకుంటున్నాం.

అందవికారమైన బాతుపిల్ల 1843 నవంబరులో వచ్చింది. అది తన జీవితమేనని అండర్సన్ దాచుకోలేదు. కానీ ఈ కథ మీద మాకు చిన్న పేచీ ఉంది. బాతుపిల్ల హంస అయింది చదివి కాదు, కష్టపడి కాదు. గుడ్డులోనే హంస. అప్పుడు నిజంగా బాతుగానే పుట్టిన అందంలేని పిల్ల మాటేమిటి? దానికి తన్నులు తప్పవా? అండర్సన్ పుట్టుకతో రచయిత కాడు. పదిహేడేళ్ల వయసులో పదకొండేళ్ల పిల్లల పక్కన కూర్చుని అక్షరదోషాలు దిద్దుకున్న మనిషి. ఆయన కథ కన్నా ఆయన జీవితమే ఎక్కువ నిజం చెబుతోందని మా అభిప్రాయం. పీజీ హాస్టల్లో దీనిమీద ఒక రాత్రి రెండింటి దాకా వాదించుకున్నాం. తేలలేదు.

మాకు అన్నిటికన్నా నచ్చిన కథ వేరే ఉంది. 1852 చివర్లో వచ్చిన ఆ కథ పేరు 'ఆమె ఎందుకూ పనికిరాదు'. చలికాలం, నడుములోతు నదిలో నిలబడి ఒక ఆడమనిషి ఊరివాళ్ల బట్టలుతుకుతుంటుంది. వణుకు ఆగడానికి సారా తాగుతుంది. చిన్న కొడుకు సీసా తీసుకుని వస్తుంటే ఊరి పెద్ద ఆపి, నీ తల్లి పనికిరానిదని అంటాడు. ఆమె ఆ చలిలోనే కూలిపోతుంది. అందులో దేవకన్యలు లేరు, హంసలు లేరు. అండర్సన్ చిన్నప్పుడు ఓడెన్స్‌లో ఎవరో ఒక బట్టలుతికే ఆమెను తాగుబోతని తిడితే, ఆయన తల్లి ఆమె పక్షాన మాట్లాడిందట. ఆ జ్ఞాపకం నుంచి పుట్టిన కథ. తల్లి చివరి రోజులు ఎలా గడిచాయో తెలిసిన మనకు ఇది ఒక్క పరాయి ఆడమనిషి కథ కాదని తెలుస్తూనే ఉంది. దేశదేశాల రాజుల పక్కన కూర్చుని భోంచేసే రోజుల్లో, అప్పటికి తల్లి పోయి దాదాపు ఇరవై ఏళ్లయ్యాక, ఆయన ఈ కథ రాసి అచ్చువేశాడు.

అండర్సన్‌లో లోపాలు లేవని కాదు. పొగడ్త లేకపోతే నిలవలేడు, చిన్న విమర్శకే ఏడ్చేవాడు. 1857లో ఇంగ్లాండులో చార్లెస్ డికెన్స్ ఇంటికి రెండు వారాలకని వెళ్లి అయిదు వారాలుండి ఆ స్నేహం పోగొట్టుకున్నాడు. సవతి అక్క ఎక్కడ కనిపించి పరువు తీస్తుందోనని భయపడేవాడు. ఇది మాత్రం మాకు నచ్చలేదు. హోటల్‌కు నిప్పంటుకుంటే దిగడానికి పెట్టెలో తాడు వెంట తీసుకెళ్లేవాడు. పెళ్లి చేసుకోలేదు. సొంత ఇల్లు లేదు. అద్దె గదుల్లో, స్నేహితుల ఇళ్లలో బతికి, 61 ఏళ్ల వయసులో, 1866లో, మొదటిసారి సొంతానికి మంచం కొనుక్కున్నాడు. శవపేటిక చట్రం మంచం నుంచి ఆ మంచం దాకా రావడానికి అంతకాలం పట్టింది.

1867 డిసెంబరు 6న ఓడెన్స్ ఆయనకు గౌరవ పౌరసత్వం ఇచ్చింది. బడులకు సెలవిచ్చారు. రాత్రి నగరమంతా దీపాలు వెలిగించారు. కాగడాల ఊరేగింపు వచ్చింది. టౌన్‌హాలు కిటికీ దగ్గర నిలబడి చూస్తున్న అండర్సన్‌కు ఆ రాత్రి భరించలేని పన్నునొప్పి. చల్లగాలి తగిలినప్పుడల్లా ప్రాణం పోయినంత పనైందని రాసుకున్నాడు.

1875 ఆగస్టు 4న కోపెన్‌హేగన్ దగ్గర, మెల్కియోర్ అనే స్నేహితుల ఇంట్లో కాలేయ క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఆయన రాసిన అద్భుత కథలు 150 దాటాయి. వందకు పైగా భాషల్లోకి వెళ్లాయి. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 2ను 1967 నుంచి అంతర్జాతీయ బాలల పుస్తక దినంగా జరుపుతున్నారు.

ఆస్తి ఎడ్వర్డ్ కోలిన్ పేర రాసిపోయాడు. కోపెన్‌హేగన్‌లోని అసిస్టెన్స్ శ్మశానంలో కోలిన్ కుటుంబానికి చెందిన స్థలంలోనే ఆయన్ను పాతిపెట్టారు. తర్వాత ఎడ్వర్డ్‌ను, అతని భార్య హెన్రియెట్‌ను కూడా అక్కడే ఉంచారు. 1914లో కోలిన్ కుటుంబం వాళ్ల రాయిని తమవాళ్లున్న వేరే శ్మశానానికి తరలించారు. ఇప్పుడక్కడున్న రాయి మీద అండర్సన్ పేరు ఒక్కటే ఉంది.